బాబాయి కొట్టు, తిరగబడ్డ రెండు బైట్లు

2023 కార్తీక పౌర్ణమి. తెల్లవారుజాము నాలుగున్నర. సూర్యలంక ఇసుక మీద కాలు పెట్టడానికి చోటు లేదు. అరటి దొప్పల్లో దీపాలు, తడి చీరలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో కేకలు. ఆ జనం మధ్యలో మా బాబాయి టీ కొట్టు. కొట్టు ముందు అట్ట మీద నేనే మార్కర్‌తో రాసిన బోర్డు: "ఉచిత వై-ఫై. ఫోన్‌పే చేయవచ్చు. చిల్లర అడగవద్దు."

ఆ చివరి వాక్యం నా సొంత పైత్యం. అదే కొంప ముంచింది.

సూర్యలంక తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు. పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ఇటు రిసార్టులు, మధ్యలో మా లాంటి వాళ్ళ ఊరు. మామూలు ఆదివారం జనం వస్తే ఫోన్ సిగ్నల్ నీరసిస్తుంది. కార్తీకంలో అయితే పూర్తిగా చచ్చిపోతుంది. టవర్ అదే, ఫోన్లు వంద రెట్లు. టీ తాగినవాడు ఫోన్ ఎత్తి ఆకాశం వైపు చూపిస్తాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, "తర్వాత వేస్తాలే అన్నా" అని వెళ్ళిపోతాడు. ఇది ప్రతి ఏడూ చూస్తున్నదే. (కార్తీకంలో చేపల వేపుడు నడవదు కాబట్టి ఆ నెలంతా బాబాయి ఆధారం టీ, బజ్జీ, నీళ్ళ సీసాలే. అన్నీ పది, ఇరవై రూపాయల బేరాలు. అంటే చిల్లరే ప్రాణం.)

నేను థర్డ్ ఇయర్‌లోకి వచ్చాక నాలో ఇంజనీరు నిద్ర లేచాడు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. ఇంటికీ కొట్టుకీ మధ్య సరుగుడు తోట, దాదాపు రెండొందల మీటర్లు. తెనాలిలో పాత సామాన్ల కొట్లో 250 రూపాయలకి ఒక రౌటర్ దొరికింది. యూఎస్‌బీ పోర్టు ఉంది, ఒక యాంటెనా విరిగింది. దాంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించా. రౌటర్ సొంత రేడియో కొట్లో ఫోన్లకి, యూఎస్‌బీ పోర్టులో పెద్ద యాంటెనా ఉన్న వై-ఫై డాంగిల్ ఇంటి వైపుకి. ప్లాన్ అంతే. డాంగిల్ డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో లేదు. చిప్పు తయారుచేసిన కంపెనీ ఎప్పుడో వదిలేసిన కోడ్‌ని ఎవరో పుణ్యాత్ముడు తన రిపాజిటరీలో పెట్టి కాపాడుకొస్తున్నాడు. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తర్వాత మీరే చూస్తారు, వాళ్ళకంటే నేనే ఎక్కువ తప్పులు చేశా.

హాస్టల్‌లో నా లాప్‌టాప్ మీద డ్రైవర్ కంపైల్ చేశా. బ్రహ్మాండం. మెస్ వెనకాల గోడ దాకా సిగ్నల్ పట్టింది. అదే కోడ్‌ని రౌటర్ కోసం కంపైల్ చేశా. ఒక్క ఎర్రర్ లేదు. ఎర్రర్ లేదంటే పని చేస్తుందని అనుకునే వయసు అది. బాబాయికి ఫోన్ చేసి చెప్పా: "ఈసారి చిల్లర కోసం బాంకు చుట్టూ తిరగాల్సిన పన్లేదు బాబాయ్. అంతా ఫోన్లోనే."

"ఖాయమేనా అబ్బాయ్?"

"ఖాయం."

ముందురోజు సాయంత్రం ఊళ్ళో దిగి, వెదురు బొంగు పాతి, రౌటర్ కట్టి, డాంగిల్ పెట్టి స్కాన్ కొట్టా. మా ఇంటి వై-ఫై పేరు కనపడింది. ప్రాణం లేచొచ్చింది. కనెక్ట్ కొట్టా. కాదు. మళ్ళీ కొట్టా. కాదు. పాస్‌వర్డ్ మార్చా. కాదు. రౌటర్ సొంత రేడియోతోనే రెండు పనులూ చేయిద్దామంటే విరిగిన యాంటెనాతో తోట దాటి సిగ్నల్ రావట్లేదు. రాత్రి రెండింటి దాకా పిన్ని లాంతరు లైటు పట్టుకుని నిలబడింది. "పోనీలే నాయనా, పొద్దున చూసుకోవచ్చు" అంది. పొద్దున్నే అయింది.

ఆ రోజు ఎంత పోయిందో బాబాయి నాకెప్పుడూ లెక్క చెప్పలేదు. పిన్ని తర్వాత ఎప్పుడో మాట మధ్యలో మూడు నాలుగు వేలు పైనే అంది. రెండొందల నోటు ఇచ్చినవాళ్ళకి ఇవ్వడానికి చిల్లర లేదు, ఫోన్లలో నెట్ లేదు. పక్క కొట్టాయన దగ్గర నాలుగు సార్లు పదుల కట్టలు అడిగి తెచ్చారు, ఐదోసారి ఆయనా లేవన్నాడు. ఎనిమిది గంటలకి బాబాయి ఆ అట్ట బోర్డు తీసి పొయ్యి పక్కన బోర్లించాడు. ఒక్క మాటనలేదు. తిట్టుంటే బాగుండేది.

మధ్యాహ్నం బస్సెక్కే ముందు స్కాన్ రిపోర్టుని ఫోన్లో ఫొటో తీసుకున్నా. డాంగిల్ జేబులో వేసుకున్నా. రౌటర్‌ని కోపంతో అక్కడే వదిలేశా.

బస్సులో ఆ ఫొటో చూస్తూ కూర్చున్నా. నెట్‌వర్క్ పేరు కరెక్ట్. మాక్ అడ్రస్ కరెక్ట్. ఛానెల్ కరెక్ట్. కానీ బీకన్ ఇంటర్వెల్ అని ఒక లైను ఉంటుంది, రౌటర్ ఎంతసేపటికోసారి "నేనున్నా, నేనున్నా" అని అరుస్తుందో చెప్పే లెక్క. దాదాపు ఏ ఇంటి రౌటరైనా 100 అని చెబుతుంది. వై-ఫై వాళ్ళ లెక్కలో ఒక టైమ్ యూనిట్ 1024 మైక్రో సెకన్లు, అంటే 100కి 102.4 మిల్లీ సెకన్లు. మా రిపోర్టులో 25600 ఉంది. అంటే 26 సెకన్లకోసారి. అలాంటి రౌటర్ ఉంటే దాన్ని వెతికి పట్టుకునేలోపు టీ చల్లారిపోతుంది.

ఇంకో విచిత్రం. కేపబిలిటీ అనే లైనులో "ప్రైవసీ" అన్న మాట లేదు. అంటే మా ఇంటి వై-ఫైకి తాళమే లేదంటోంది రౌటర్. ఆ పాస్‌వర్డ్ కోసం మా చెల్లి, నేను కొట్టుకున్న రోజులున్నాయి. తాళం లేకపోవడమేంటి?

చీరాల రోడ్డు మీద ఎక్కడో వెలిగింది. 25600ని 256తో భాగిస్తే 100.

కంప్యూటర్ ఆర్గనైజేషన్ పేపర్లో ఐదు మార్కుల ప్రశ్న గుర్తుందా? "లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ భేదములు వ్రాయుము". నేను రెండు బొమ్మలు గీసి ఐదుకి నాలుగున్నర తెచ్చుకున్నా. ఆ అర మార్కు ఎక్కడ పోయిందో ఇప్పుడు తెలిసింది.

విషయం చాలా చిన్నది. 100ని పదహారుల పద్ధతిలో, రెండు బైట్లలో రాస్తే 00 64. ఈ రెండు బైట్లలో ముందు ఏది పంపాలి? చిన్న స్థానం ముందు పంపితే లిటిల్ ఎండియన్: 64, 00. పెద్ద స్థానం ముందు పంపితే బిగ్ ఎండియన్: 00, 64. వై-ఫై ప్రమాణమైన 802.11 లో హెడర్ లెక్కలన్నీ చిన్న స్థానం ముందు వచ్చే పద్ధతే. నా లాప్‌టాప్ కూడా అదే పద్ధతి. కాబట్టి గాలిలోంచి వచ్చిన 64, 00ని అలాగే మెమరీలో పడేసి చదివితే 100 వస్తుంది. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. తప్పు రాసినా ఒప్పే. కానీ నేను 250కి కొన్న రౌటర్లో ఉన్నది ఆథరోస్ చిప్పు, దాని లోపల మిప్స్ ప్రాసెసర్. మిప్స్ రెండు రకాలుగానూ నడవగలదు, ఆ కుటుంబాన్ని మాత్రం బిగ్ ఎండియన్‌గా నడుపుతారు. అది 64, 00ని చూసి 6400 అని చదివింది. పదహారుల పద్ధతిలో 6400 అంటే 25600.

తాళం సంగతీ అంతే. మా ఇంటి కేపబిలిటీ విలువ 0411. అందులో 10 అనే ముక్క ప్రైవసీ బిట్టు. తిరగేస్తే 1104. ఆ బిట్టు ఉండాల్సిన చోట సున్నా. తాళం మాయం.

మరి పేరు ఎందుకు సరిగ్గా వచ్చింది? పేరులో ఒక్కో అక్షరం ఒక్కో బైటు. ఒక్క బైటుకి ముందూ వెనకా ఏముంటుంది? మాక్ అడ్రస్ ఆరు విడి బైట్ల వరస. ఛానెల్ ఒక్క బైటు. రెండు, నాలుగు బైట్లు కలిసి ఒక సంఖ్య అయిన చోటే ఈ గొడవ. అందుకే ఈ రోగం పట్టుకోవడం కష్టం. మొత్తం పాడైతే వెంటనే తెలుస్తుంది. పేరు బాగుండి, లోపలి లెక్క తిరగబడితే మనం పాస్‌వర్డ్‌ని అనుమానిస్తాం, యాంటెనాని అనుమానిస్తాం, సరుగుడు చెట్లని తిడతాం.

ఆ రాత్రి హాస్టల్‌లో ఇదంతా రూమ్మేట్‌కి చెబితే వాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు. వాడు చిన్నప్పుడు ఆరేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడు. "ఇది కటపయాదేగా" అన్నాడు. మేళకర్త రాగాల పేర్లలోనే వాటి నంబరు దాచిపెట్టారు. మేచకల్యాణి తీసుకోండి. మ అంటే 5, చ అంటే 6. వరసగా చదివితే 56. కానీ ఆ రాగం నంబరు 65. ఎందుకంటే అంకెలు ఎడమ వైపుకి నడుస్తాయని పాత లెక్కల వాళ్ళ నియమం, ఒకట్ల స్థానం ముందు చెప్పాలి. మాయామాళవగౌళ: మ 5, య 1, తిరగేస్తే 15. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిరగేస్తే 29. "ఆ తిరగెయ్యడం మర్చిపోయినవాడు మేచకల్యాణి అడిగితే ఇంకేదో వాయిస్తాడు" అన్నాడు. అచ్చమైన లిటిల్ ఎండియన్. ఇంకా తవ్వితే మన నోట్లోనే ఉంది. తెలుగులో ఇరవై అయిదు అంటాం, పెద్దది ముందు. సంస్కృతంలో పంచవింశతి, చిన్నది ముందు. హిందీ పచ్చీస్ కూడా ఆ దారే. ఎవరి పద్ధతి వాళ్ళకి ఒప్పు. ఒకరి మాట ఇంకొకరు రాసుకునేటప్పుడే తంటా.

ఈ ఎండియన్ అన్న పేరు కూడా ఒక వెటకారం నుంచి వచ్చింది. 1726 నాటి గలివర్ ప్రయాణాల కథలో లిల్లీపుట్ జనం ఉడకబెట్టిన గుడ్డుని పెద్ద కొస నుంచి కొట్టాలా, చిన్న కొస నుంచి కొట్టాలా అని తలలు తెగ్గోసుకుంటారు. 1980 ఏప్రిల్ 1న డానీ కోహెన్ అనే ఆయన బైట్ల వరస మీద జరుగుతున్న గొడవలకి శాంతి కోరుతూ ఒక వ్యాసం రాసి ఆ పేర్లు తగిలించాడు. అవే నిలిచిపోయాయి. మా పిన్ని గుడ్డుని గరిటె కాడతో సరిగ్గా నడుముకి కొడుతుంది. అలాంటి కంప్యూటర్ కూడా ఉండేది: పీడీపీ-11లో నాలుగు బైట్ల సంఖ్యని అటూ ఇటూ కాని మధ్యరకం వరసలో పెట్టేవారు.

ఇక నా తప్పుల జాబితా మొదలవుతుంది. రౌటర్ ఊళ్ళో ఉంది కాబట్టి క్యూఈఎంయూలో ఒక బిగ్ ఎండియన్ మిప్స్ మిషన్‌ని లేపి, డాంగిల్‌ని దానికి అప్పగించా. అదే 25600 కనపడింది. రోగం చేతికి చిక్కితే సగం పని అయినట్టే. డ్రైవర్లో బీకన్ ఇంటర్వెల్ చదివే చోటుకి వెళ్ళి స్వాబ్16 అనే ఫంక్షన్ పెట్టా, అంటే రెండు బైట్లనీ తారుమారు చెయ్యి అని. వెంటనే 100 వచ్చింది. అర్ధరాత్రి ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నా. పొద్దున లాప్‌టాప్ మీద చూస్తే అక్కడ 25600.

అవును మరి. ఎప్పుడూ తిప్పు అంటే అవసరం లేని చోట కూడా తిప్పుతుంది.

దానికి నేను కనిపెట్టిన పరిష్కారం ఇఫ్‌డెఫ్. బిగ్ ఎండియన్ అయితే ఇలా, కాకపోతే అలా. కోడ్‌లో పదకొండు చోట్ల అలా గోడలు కట్టి, ఆ పుణ్యాత్ముడి రిపాజిటరీకి నా జీవితంలో మొదటి పాచ్ పంపా. రెండు రోజుల్లో జవాబొచ్చింది. మర్యాదగానే ఉంది. మిషన్ ఏ రకమో నువ్వు అడగాల్సిన పని లేదు, డేటా ఏ రకమో చెప్పు చాలు అని దాని సారాంశం. ఇదే మాట 2012లో రాబ్ పైక్ ఒక వ్యాసంలో గట్టిగా వాదించాడని తర్వాత చదివా. మన కంప్యూటర్ వరస ఏదన్నది ముఖ్యం కాదు, వచ్చే డేటా వరస ఏదన్నదే ముఖ్యం. మొదటి బైటు తీసుకో, రెండో బైటుని ఎనిమిది బిట్లు ఎడమకి జరిపి కలుపు. ఈ లెక్క ఏ మిషన్ మీదైనా 100 అనే చెబుతుంది. ఎక్కడా ఇఫ్‌డెఫ్ లేదు.

లినక్స్ కెర్నెల్‌లో దీనికి తయారుగా పనిముట్లు ఉన్నాయి. గాలిలోంచి వచ్చిన రెండు బైట్ల సంఖ్యని మామూలు యూ16 అని కాకుండా ఎల్ఈ16 అని ప్రకటించాలి. వాడుకునే ముందు ఎల్ఈ16_టు_సీపీయూ, పంపే ముందు సీపీయూ_టు_ఎల్ఈ16. లాప్‌టాప్ మీద ఇవి ఏమీ చెయ్యవు, రౌటర్ మీద తిప్పుతాయి. రాసేవాడికి ఆ తేడా కనపడనే కనపడదు.

ఇంకో పనిముట్టు స్పార్స్. 2003లో లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా మొదలుపెట్టిన తనిఖీదారు. మేక్ కమాండుకి సీ=2 అని తగిలిస్తే కోడ్ మొత్తం చదివి, ఎల్ఈ16ని మామూలు సంఖ్యలా వాడిన ప్రతి చోటా అరుస్తుంది. నేను ఆశగా నడిపితే ఒక్క హెచ్చరిక లేదు! సంతోషించా. తర్వాత అర్థమైంది, కంపెనీ వాళ్ళు అన్నిటినీ ఉత్త యూ16 అనే రాశారు. ఏది గాలి సంఖ్యో, ఏది ఇంటి సంఖ్యో ఎవరూ చెప్పకపోతే పాపం తనిఖీదారు దేన్ని పట్టుకుంటాడు? టికెట్లే లేని బస్సులో చెకింగ్ లాంటిది. స్ట్రక్చర్లలో ఒక్కొక్క ఫీల్డుకీ ఎల్ఈ16, ఎల్ఈ32 అని పేరు మార్చగానే ఒక్కసారిగా నలభైకి పైగా హెచ్చరికలు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ వారం ఇంటర్నల్స్. కెర్నెల్‌లో ఫోర్స్ అని ఒక మాట ఉంది. దాన్ని తగిలిస్తే స్పార్స్ నోరు మూసుకుంటుంది, "నాకు తెలుసులే, నువ్వు ఊరుకో" అన్నట్టు. నిజంగా తెలిసిన చోట వాడటానికి పెట్టిన మాట అది. నేను నలభై చోట్లా ఫోర్స్ కొట్టా. హెచ్చరికలు సున్నా. కోడ్ మాత్రం పాత కోడే, ఒక్క బైటూ మారలేదు. అందంగా సర్ది రెండో పాచ్ పంపా, "స్పార్స్ హెచ్చరికలన్నీ సరిచేశాను" అని శీర్షిక పెట్టి. లాప్‌టాప్ మీద పరీక్షించాను అని కూడా రాశా. నిజమే, లాప్‌టాప్ మీద ఎప్పుడు పని చెయ్యలేదు గనక?

ఆ పాచ్ పంపింది డిసెంబర్ 3 రాత్రి. మర్నాటి నుంచి నేను మెయిల్ చూడలేదు. మిచౌంగ్ వస్తోంది.

డిసెంబర్ 5 మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. టీవీల్లో మ్యాపు మీద ఆ ఎర్ర చక్రం సరిగ్గా మా ఊరి మీద తిరుగుతుంటే హాస్టల్ కామన్ రూమ్‌లో నిలబడి చూశా. ఇంట్లోవాళ్ళంతా ముందురోజే బాపట్లలో చుట్టాలింటికి వెళ్ళిపోయారు, అది తెలుసు. కానీ సాయంత్రం నుంచి ఎవరి ఫోనూ కలవలేదు. కలవని ఫోన్‌కి కారణం టవరో, కరెంటో, మనిషో దూరం నుంచి తెలియదు. ఆరో తారీకు పదకొండింటికి పిన్ని గొంతు వినపడింది.

"అందరం బాగున్నాం నాయనా. కొట్టు రేకులు ఎగిరిపోయినయ్. బల్లలు తోటలో దొరికినయ్. నీ డబ్బా మటుకు భద్రంగా ఉంది."

"ఏ డబ్బా పిన్నీ?"

"అదేరా, దీపాలు వెలిగే డబ్బా. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టా, రేషన్ కార్డు, ఆధార్ కార్డులతో పాటు. చెన్నై నుంచో ఎక్కడి నుంచో తెప్పించావంటగా, పోతే మళ్ళీ దొరకదని."

తెనాలి పాత సామాన్ల కొట్టు, 250 రూపాయలు అని చెప్పలేకపోయా.

ఆ రాత్రి మెయిల్ తెరిచా. రెండో పాచ్ మీద ఆయన ఒక్క ప్రశ్న అడిగాడు: బిగ్ ఎండియన్ మిషన్ మీద దీన్ని నడిపి చూశావా? అంతే. నలభై ఫోర్స్‌ల గురించి ఒక్క మాటా లేదు. బాబాయి అట్ట బోర్డు బోర్లించినట్టే అనిపించింది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టా. ఈసారి ఒక్కో హెచ్చరిక దగ్గర ఆగి, ఈ సంఖ్య ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోతోంది అని కాగితం మీద రాసుకున్నా. పది రోజులు పట్టింది. స్కాన్‌కి పంపే ఆదేశాల్లో కంపెనీ వాళ్ళు సరిగ్గానే మార్చారు. అందుకే స్కాన్ నడిచింది. కనెక్ట్ ఆదేశంలో మరిచారు. అందులో భద్రత వివరాల పొడవు చెప్పే ఫీల్డు ఒకటుంది, విలువ 22. తిరగబడితే 5632. డాంగిల్ లోపలి ఫర్మ్‌వేర్ "22 బైట్లు ఇచ్చి 5632 అంటాడేంటి" అని ఆదేశాన్ని అవతల పారేసేది. పౌర్ణమి రాత్రి నేను నాలుగుసార్లు మార్చిన పాస్‌వర్డ్ అసలు గాలిలోకే వెళ్ళలేదు. ఇంకో చోట వచ్చినప్పుడొకసారి, లోపలింకొకసారి, రెండుసార్లు తిప్పారు. తప్పు మీద తప్పు కలిసి ఒప్పైంది. ఒకటి తీసేస్తే రెండోది బయటపడింది.

అన్నీ మార్చాక క్యూఈఎంయూలో కనెక్ట్ కొట్టా. కనెక్ట్ అయింది! మూడు సెకన్లలో తెగిపోయింది. లాప్‌టాప్ మీద కూడా అంతే, ఇప్పటిదాకా నడిచినది కూడా పోయింది.

ఇది నా సొంత సృష్టి. వై-ఫై హెడర్ లిటిల్ ఎండియన్ అని చెప్పా కదా. కానీ ఆ హెడర్ దాటి లోపలికి వెళ్తే ఏఏ ఏఏ 03 00 00 00 అని ఆరు బైట్లు, వాటి తర్వాత లోపల ఉన్నది ఏ రకం పాకెట్టో చెప్పే రెండు బైట్లు ఉంటాయి. ఆ రెండూ ఈథర్‌నెట్ కాలం నాటి ఆచారం, బిగ్ ఎండియన్. ఆ లోపలి ఐపీ హెడర్ కూడా అంతే. ఒకే ఫ్రేములో సగం ఒక మతం, సగం ఇంకో మతం. పాస్‌వర్డ్ చర్చలు జరిపే పాకెట్ల గుర్తు 888ఈ. నేను ఊపులో దానికి కూడా ఎల్ఈ16_టు_సీపీయూ తగిలించా. లాప్‌టాప్‌లో ఆ 88, 8ఈ బైట్లని చిన్నది ముందు అనుకుని చదివితే 8ఈ88, దాన్ని ఎవరూ తిప్పరు. మిప్స్‌లో సరిగ్గా 888ఈ అని చదివి, ఆపైన తిప్పి 8ఈ88 చేస్తుంది. రెండు మిషన్ల మీదా ఒకేలా తప్పు. పోర్టబుల్ కోడ్ రాయాలనుకుని పోర్టబుల్ తప్పు రాశా. ఆ ఫీల్డుని బీఈ16 అని ప్రకటించి ఉంటే స్పార్స్ అక్కడే చెయ్యి పట్టుకునేది. ప్రకటించా. పట్టుకుంది. సరిచేశా.

"ఈ రోజుల్లో బిగ్ ఎండియన్ ఎవడు వాడతాడ్రా, ఇంత గోల దేనికి" అని మా బ్యాచ్‌లో ఒకడు అడిగాడు. ఫోన్లు, లాప్‌టాప్‌లు అన్నీ లిటిలే, వాడన్నది అబద్ధం కాదు. కొత్తగా కొనుక్కోగలిగినవాడికి ఈ గొడవ లేదు. పాత సామాన్ల కొట్లో 250కి దొరికేవాటిలోనే ఉంది.

మూడో పాచ్‌కి "క్యూఈఎంయూ బిగ్ ఎండియన్ మిప్స్ మీద, లాప్‌టాప్ మీద నడిపి చూశాను" అని రాశా. రాస్తూ అబద్ధం లేదు కదా అని రెండుసార్లు చదువుకున్నా. అసలు రౌటర్ మీద ఇంకా చూడలేదని కూడా రాశా. ఆయన ఆగుతానన్నాడు.

సంక్రాంతికి ఊరెళ్ళా. కొట్టుకి కొత్త రేకులు వేశారు, సగం డబ్బు అప్పు. సరుగుడు తోటలో చాలా చెట్లు పడిపోయాయి. చెప్పడానికి బాధగా ఉంది గానీ, దాంతో ఇంటికీ కొట్టుకీ మధ్య అడ్డు తగ్గింది. పిన్ని బియ్యం డబ్బాలోంచి రౌటర్ తీసిచ్చింది. లోపలి నుంచి నాలుగు బియ్యపు గింజలు రాలాయి. వెదురు బొంగు కట్టి స్కాన్ కొట్టా. బీకన్ ఇంటర్వెల్ 100. ప్రైవసీ. కనెక్ట్.

బాబాయి తన ఫోన్ తీసి ఏదో వీడియో పెట్టి కాసేపు చూశాడు. "బానే ఉంది" అన్నాడు. కనుమ రోజుకి బోర్డు మళ్ళీ బయటికి వచ్చింది. చివరి వాక్యం మీద మాత్రం తెల్ల కాగితం అంటించి ఉంది. గల్లాపెట్టెలో పదుల కట్టలు మూడు, ఇరవైల కట్ట ఒకటి. నేను చూడటం ఆయన చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

ఆ రాత్రి కొట్లోంచే, ఆ వై-ఫై మీదే, అసలు రౌటర్ మీద కూడా నడిచిందని ఆయనకి రాశా. రెండు రోజులకి పాచ్ కలిపేశాడు. బాబాయికి చూపించా. ఇంగ్లీషు రాకపోయినా నా పేరు గుర్తుపట్టాడు, ఫోన్‌ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివాడు.

"అంతా బానే ఉంది గానీ, మన ఇంటిపేరు చివరికి పోయిందేందిరా?"

"వాళ్ళ పద్ధతి అంతే బాబాయ్. వాళ్ళు పేరు ముందు రాస్తారు, ఇంటిపేరు తర్వాత."

"మరి నువ్వు మనోడివేగా. తిప్పి రాయి."